ఇనుముకు డబల్ మాస్క్

నా చేతికి మజ్జిగ గ్లాసు ఇస్తే ముందు దాని మీద కొట్టిన పేరు చదువుతాను. తర్వాత లోపలికి తొంగి చూస్తాను. ఆ తర్వాత ఇచ్చిన మనిషి మొహం చూస్తాను. ఇదంతా అయ్యాక గానీ తాగను. నవ్వండి, నవ్వండి. మీ ఇళ్ళల్లో మీ భార్యలు మిమ్మల్ని చూసి నవ్వుకుంటున్నంత కాలం నన్ను చూసి నవ్వే హక్కు మీకుంది.

ఇది కరోనా రెండో ఏడు, ఎండాకాలం సంగతి. సూరత్ రింగ్ రోడ్ మీద బట్టల మార్కెట్లన్నీ షట్టర్లు దించుకుని కూర్చున్నాయి. బట్ట అమ్ముడుపోకపోతే మగ్గం ఆడదు. మగ్గం ఆడకపోతే పడుగు నూలుకు గంజి అక్కర్లేదు. గంజి అక్కర్లేకపోతే నేనూ అక్కర్లేదు. ఎందుకంటే నేను సైజింగ్ కార్ఖానాలో గంజి కలిపే మేస్త్రీని. సలాబత్‌పురాలో మన తెలుగువాళ్ళ గల్లీలో ఎదురుపడితే మేస్త్రీ అంటారు, అటు తిరగ్గానే గంజి మార్కండేయ అంటారు.

పని లేని మగవాడు ఇంట్లో కూర్చుంటే వంటింటి మీద అధికారం చలాయించడం మొదలుపెడతాడు. పప్పు ఎంతసేపు ఉడకాలో, పోపులో ఆవాలు ఎప్పుడు వేయాలో మా ఆవిడ వినోదకు చెప్పడం మొదలుపెట్టాను. ఆమె విన్నట్టే వినేది, తన పద్ధతిలోనే చేసేది. కూర బాగుంటే అది నా సలహా వల్లేనని నేను తృప్తిపడేవాణ్ణి. ఇద్దరికీ ఏ ఇబ్బందీ లేకుండా రోజులు గడిచిపోతున్నాయి.

అలాంటప్పుడు ఒకరోజు వినోద నీళ్ళ బిందె ఎత్తబోయి గోడ పట్టుకుని ఆగిపోయింది. ఏం లేదు, జర కండ్లు తిరిగినయ్ అంది. అని, అక్కడే కూర్చుండిపోయింది. పట్టపగలు వినోద ఊరికే కూర్చోవడం పెళ్ళయినప్పటి నుంచి నేను చూడలేదు. నాకు చెప్పలేనంత భయం వేసింది.

డాక్టరు ప్లాస్టిక్ తెర వెనక నుంచే చెయ్యి చాపి, కంటి రెప్ప కిందికి లాగి చూశాడు. రక్తం పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ ఎనిమిది వచ్చింది. ఇంత తక్కువ రక్తంతో ఇప్పుడు జ్వరం గిరం వస్తే తట్టుకోవడం కష్టం, ముందు దీన్ని పెంచండి అని ఐరన్ గోలీలు రాసిచ్చాడు. మన గల్లీలో అంబులెన్సులు తిరుగుతున్న రోజులవి. ఇంటికి నడిచివస్తూ వినోద లేని ఇల్లు ఎలా ఉంటుందో ఊహించబోయాను. వాకిలి దగ్గరే ఆగిపోయాను, లోపలికి పోవడానికి ధైర్యం చాలలేదు.

మరుసటి రోజు నుంచి గోలీల డ్యూటీ నేనే తీసుకున్నాను. పొద్దున్నే నా చేత్తో చాయ పెట్టి, గోలీ చేతిలో పెట్టి, మింగేదాకా పోలీసులా ఎదురుగా నిలబడేవాణ్ణి. నా చాయ అంటే అల్లాటప్పా చాయ కాదు. చాయ పొడైనా గంజైనా చిక్కబడేదాకా ఉడకాల్సిందేనని నా సిద్ధాంతం. వినోద పరగడుపున ఆ చాయతో గోలీ మింగేది, కాసేపటికి మోరీ దగ్గరికి పోయి కక్కేది. తుప్పు పట్టిన మేకు నాకినట్టుందని ఒక రోజు, కడుపులో తిప్పుతోందని ఒక రోజు చెప్పింది. చివరికి గోలీల డబ్బా పైఅరలోకి ఎక్కింది.

"గోలీ ఏసుకున్నవా?" అని అడిగాను.

"ఏసుకున్న."

"ఎప్పుడు?"

"నువ్వు చూడనప్పుడు."

నేను నమ్మలేదు. నేను చూడనప్పుడు జరిగే పనులేవీ నా లెక్కలోకి రావు. కార్ఖానాలో కూడా అంతే.

ఇక ఉపాయం ఆలోచించాలి. ఉపాయం మా ఇంట్లోనే, మంచం మీద కంప్యూటర్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. దాని పేరు రవీంద్ర. వినోద తమ్ముడు, నా బావమరిది. ఫుడ్ టెక్నాలజీలో పరిశోధన చేస్తున్నాడు. కరోనాకు హాస్టల్ మూసేస్తే ఒక బ్యాగుతో మా ఇంటికొచ్చాడు. ఇంతకీ అతని పరిశోధన ఏమిటంటే, తినే తిండిలో ఇనుమును ఎవరికీ తెలియకుండా దాచడం. మొదటిసారి విన్నప్పుడు దీనికి ఇంత చదువెందుకని నవ్వాను. ఇప్పుడు పోయి అతని పక్కన వినయంగా కూర్చున్నాను.

"ఇనుమును ఒట్టిగ కలిపితే దొరికిపోతది బావా," అన్నాడు రవీంద్ర. "రుచి చెడగొడ్తది, రంగు మారుస్తది. అందుకే ఇనుము కలిపిన నీళ్ళను సన్న సన్న బొట్లు చేసి ముందుగాల నూనెల దాస్తం. ఆ నూనెను మల్ల సన్న బొట్లు చేసి నీళ్ళల్ల కలుపుతం. లోపల నీళ్ళు, దాని మీద నూనె, దాని బయట మల్ల నీళ్ళు. నాలికెకు బయటిదే తగుల్తది. లోపలి ఇనుము కడుపులకు పోయినంకనే బయటపడ్తది. దీన్ని డబల్ ఎమల్షన్ అంటరు."

"అంటే ఇనుముకు డబల్ మాస్క్ ఏసినట్టు."

రవీంద్ర నా మొహం వైపు కొత్తగా చూశాడు. ఈ మాట మా గైడు చెప్పి ఉంటే మొదటి ఏడే అర్థమయ్యేదన్నాడు. ఆ పొగడ్తతో నేను సగం శాస్త్రవేత్తనైపోయాను. మిగతా సగం మాత్రమే నేర్చుకోవాలి అనుకున్నాను. మీ అక్కకు చెప్పకు అని ఒట్టు వేయించుకున్నాను. అతను తల ఊపాడు. ఆ తల ఎటు ఊగిందో అప్పుడే సరిగ్గా చూసుకోవలసింది.

నీళ్ళూ నూనే పిండీ కలపడం నాకు కొత్తేమీ కాదు. పడుగుకు పెట్టే గంజిలో వేసేవి అవే. గంజి వేరు, ఇది వేరు బావా అని రవీంద్ర మొత్తుకుంటున్నా వినకుండా మెడికల్ షాపులో ఐరన్ సిరప్ కొనుక్కొచ్చాను. వినోద కింది ఇంటి బుచ్చవ్వ దగ్గర మాట్లాడుతున్నప్పుడు సిరప్పూ, నూనే, కొంచెం మైదా గంజీ మిక్సీలో వేసి తిప్పాను. మీగడలాంటిది తయారైంది. సాయంత్రం చాయలో మీగడ వేసినట్టుగా వేసి, వినోదకు ఎంతో ప్రేమగా అందించాను.

చాయ నల్లబడింది. చిక్కబడడం కాదు, మామూలు నలుపు కూడా కాదు, తడిపిన పలకలా నీలంగా నల్లబడింది. పైన నూనె చుక్కలు తేలాయి.

వినోద గ్లాసెత్తి వెలుతురులో తిప్పి చూసింది. ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. వాళ్ళ నాన్న సిరిసిల్లలో నూలుకు రంగులద్దిన మనిషి. ఆమె రంగుల తొట్ల మధ్యే పెరిగింది.

"మా నాయిన నూలుకు నలుపు అద్దాలంటె కరక్కాయ నీళ్ళల్ల ఇనుప తుక్కు ఏసెటోడు," అంది. "అచ్చం గిదే రంగు వస్తుండె."

"చాయ పొడి మంచిది కాదేమో," అన్నాను.

"గంతే కావచ్చు," అని పారబోసింది.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. అబద్ధానికి బలం కావాలని కిరాణా సేఠ్ దగ్గరికి పోయి కల్తీ పొడి అమ్ముతావా అని దబాయించాను. పాపం, కరోనా రోజుల్లో గొడవెందుకని ఆయన ఇంకో పొట్లం ఇచ్చాడు. పాత పొడీ మంచిదే, కొత్త పొడీ మంచిదే. ఇప్పటికీ ఆయన దుకాణం ముందు నుంచి పోవాలంటే నేను మాస్కు వేసుకునే పోతాను.

రవీంద్ర నన్ను మెట్ల మీద పట్టుకున్నాడు. వేడికి నూనె పొర విడిపోయింది, ఇనుము బయటపడింది, చాయతో కలిసి నలుపెక్కింది అన్నాడు. అసలు చాయకూ ఇనుముకూ పడదు, చాయతో తీసుకున్న ఇనుము ఒంటికి కూడా సరిగ్గా పట్టదు అని ఇంకా ఏదో చెప్పాడు. నేను అప్పటికే చల్లటి పదార్థం ఏముందా అని ఆలోచిస్తున్నాను. అందుకే రెండో ముక్క నా చెవికెక్కలేదు.

చల్లటి పదార్థం ఎదురుగానే ఉంది. సూరత్‌లో మధ్యాహ్నం అన్నమైనా రొట్టైనా పక్కన ఛాస్ లేనిదే కూర్చోరు. మనకూ ఆ అలవాటు ఎప్పుడో పట్టుకుంది. ఛాస్ అంటే మజ్జిగే, కాకపోతే జీలకర్రతో కొంచెం షోకు చేసుకున్న మజ్జిగ. మజ్జిగయితే వెన్నతో చేద్దాం బావా అన్నాడు రవీంద్ర. నెయ్యిలో సన్నటి నీటి బొట్లు చిక్కుకున్నట్టుండేదే వెన్నట. అందులో చెంచాడు సిరప్ కొంచెం కొంచెంగా వేస్తూ మెదిపి, చల్లబరిచి, చల్లటి మజ్జిగలో సన్నగా చిలకాలి. వెన్న ఆలోచన అతనిది, కొలత అతనిది, చిలకడం నాది. పేరు మాత్రం మొత్తం నేనే తీసుకున్నాను.

రుచి చూశాను. ఇనుము లేదు. నమ్మకం కుదరక ఇంకో గుటక వేశాను. మజ్జిగ, జీలకర్ర, వెన్న కమ్మదనం, అంతే. డబల్ మాస్క్ వేసుకున్న మనిషిని సొంత అన్న కూడా గుర్తుపట్టనట్టు ఇనుము నా నాలుక ముందు నుంచే దర్జాగా వెళ్ళిపోయింది.

ఇక ఏ గ్లాసు ఎవరిదన్న అనుమానానికి మా ఇంట్లో తావు లేదు. మా పెళ్ళికి అత్తగారింటివాళ్ళు పెట్టిన స్టీలు సామానంతటి మీదా పేర్లు కొట్టించారు. మనవాళ్ళకు పేరు కొట్టని గిన్నె గిన్నెలా కనబడదు. ఒక గ్లాసు మీద వినోద, ఒక గ్లాసు మీద మార్కండేయ. రోజూ వినోద గ్లాసులో ఇనుప మజ్జిగ, నా గ్లాసులో ఉత్త మజ్జిగ పోసి పొయ్యి గట్టు మీద పెట్టి, బయట నల్లా దగ్గర కాళ్ళూ చేతులూ కడుక్కుని వచ్చేవాణ్ణి. వచ్చేసరికి వినోద కంచాలు పెట్టి, ఎవరి గ్లాసు వాళ్ళ పక్కన పెట్టేది. తన పేరున్న గ్లాసెత్తి చివరి చుక్కదాకా తాగేది. నా కళ్ళతో నేను చూశాను.

"ఛాస్ మంచిగున్నది," అనేది.

నాకూ బాగానే ఉండేది. ఒక్కోరోజు నాకు ఇంకో గ్లాసు కావాలనిపించేది, అడిగేవాణ్ణి కూడా. నీకు ఒక్కటే సాలు అనేది వినోద. ఇంట్లో పెరుగు తక్కువుందేమో అనుకునేవాణ్ణి.

వారాలు గడిచేకొద్దీ ఆమెకు ఓపిక వచ్చింది. బిందె ఎత్తుతోంది, మెట్లు ఆగకుండా ఎక్కుతోంది. అంతకంటే గట్టి గుర్తు ఇంకొకటి ఉంది. నన్ను తిట్టేటప్పుడు మధ్యలో ఊపిరి కోసం ఆగడం మానేసింది. మొదటి నుంచి చివరిదాకా ఒకే బిగిన పూర్తి చేస్తోంది. ఆ తిట్లు వింటూ నేను లోలోపల ఎంత సంతోషపడ్డానో చెప్పలేను.

సరిగ్గా అప్పుడే నా కడుపు మొరాయించింది. ముందు రెండ్రోజులు కదల్లేదు. కదిలిన రోజు చూసుకుంటే, మర్యాదగా చెప్పాలంటే, కన్ను బెదిరేంత నలుపు.

టీవీలో అప్పుడు పొద్దస్తమానం బ్లాక్ ఫంగస్ గురించే. అది ముక్కుకు వస్తుందని, కంటికి వస్తుందని చెప్తున్నారు. నాకు మాత్రం కింది నుంచి మొదలైందని తేల్చుకున్నాను. వినోదకు చెప్పలేదు. ఇప్పుడిప్పుడే రక్తం పడుతున్న మనిషి, నా గురించి బెంగపెట్టుకుంటే మళ్ళీ మొదటికొస్తుంది. పోయేవాణ్ణి నేనొక్కణ్ణే పోతాను, ఆమె చల్లగా ఉంటే చాలనుకున్నాను. ఆ మాట అనుకున్నప్పుడు నా మీద నాకే చాలా జాలి కలిగింది.

పోయే ముందు చేయాల్సిన పనులన్నీ చేశాను. దీపావళికి కొన్న చొక్కా రవీంద్రకు ఇచ్చేశాను. నల్లా దగ్గర వంతు విషయంలో నాకు మాటల్లేని బుచ్చవ్వ దగ్గరికి పోయి, దూరంగా నిలబడి, తప్పు నాదేనని ఒప్పుకున్నాను. ఆ ముసలమ్మ కళ్ళజోడు సర్దుకుని నన్ను ఎగాదిగా చూసింది.

"తప్పు సంగతి ఇడిసిపెట్టు మార్కండీ," అంది. "ఊరంత ఎండిపోతుంటె నువ్వేందిరా టమాట లెక్క ఎర్రగ తేలినవ్?"

చావబోయే మనిషితో మాట్లాడే పద్ధతేనా అది. కళ్ళు తుడుచుకుని పైకొచ్చాను. వంటింట్లో వినోద పక్కన కూర్చున్నాను.

"నాకేమన్న అయితే మా అన్న దగ్గరికి పోకు. రవీంద్ర దగ్గరనే ఉండు," అన్నాను.

"నీకేమైతది?"

"మనిషన్నంక ఏమన్న కావచ్చు."

"అయితే ఈలోపల ఆ ఉల్లిగడ్డలు కొయ్యి."

కోశాను. కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారాయి. ఉల్లిపాయ ఘాటు అనుకుని ఆమె కిటికీ తెరిచింది.

చివరికి ఆపుకోలేక రవీంద్రను మెట్ల మీదికి పిలిచి జరిగింది చెప్పాను. కడుపు సంగతి, రంగు సంగతి, టీవీ సంగతి అన్నీ చెప్పాను. అక్కను జాగ్రత్తగా చూసుకొమ్మన్నాను. రవీంద్ర గోడకు ఒరిగిపోయాడు. భుజాలు కదులుతున్నాయి, కళ్ళ నిండా నీళ్ళు. మాస్కు వెనక మనిషి ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియని రోజులవి. నా మీద ఇంత ప్రేముందా అని అతని వీపు నిమిరాను.

"అక్కా, ఇగ చెప్పెయ్యవే," అని లోపలికి కేకేశాడు. "బావ పోతున్నడు."

వినోద కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. తమ్ముడు రెండు ముక్కల్లో చెప్పాడు. ఆమె నవ్వలేదు, నా పక్కన మెట్టు మీద కూర్చుంది.

"ఇనుము తింటె గట్లనే నల్లగైతది. నాకు గూడ గట్లనే అయితున్నది," అంది.

"నీకు సరే. నేనెప్పుడు తిన్న?"

"రోజు తాగుతున్నవ్ గద."

గ్లాసుల సంగతి అడిగాను. నీ గ్లాసు మీద నీ పేరుండగా నీ మజ్జిగ నేనెట్లా తాగుతానన్నాను.

"పేరు గ్లాసు మీద ఉంటది గని మజ్జిగ మీద ఉంటదా?" అంది వినోద. "నువ్వు నల్లా కాడికి పోంగనె ఇందుల్ది అందుల, అందుల్ది ఇందుల పోస్తుంటి."

నల్ల చాయ రోజునే ఆమెకు సంగతి తెలిసిపోయిందట. తమ్ముణ్ణి అడిగితే, ఒట్టు వేశాను కాబట్టి నోటితో చెప్పలేను అని సిరప్ సీసా చూపించాడట. ఆమె అప్పటికే రోజూ గోలీ వేసుకుంటోంది. పొద్దున నేను బయటికి పోయాక, ఇంత తిని, నిమ్మకాయ నీళ్ళతో మింగుతోంది. దాంతో కక్కడం ఆగింది. దాని మీద నా సిరప్ కూడా పడితే ఎక్కువైపోతుందని రవీంద్ర చెప్పాడు. నాకు రోజుకు చెంచాడు పోతే కొన్నాళ్ళకు ఏమీ కాదని కూడా చెప్పాడు. చెంచా దాటకూడదనే నాకు రెండో గ్లాసు దొరకలేదు.

"గోలీ ఏసుకుంటున్న అని నాతోని చెప్తే అయిపోతుండె గద," అన్నాను.

"చెప్పిన. నువ్వు చూడనప్పుడు ఏసుకున్న అన్న. నమ్మితివా?"

నేను మెట్టు అంచును గోటితో గోకాను.

"ఇంకా గట్టిగ చెప్తే మల్ల చాయ గిలాస పట్టుకొని ఎదురుంగ నిలబడుదువు," అంది. "నా పానం తీసింది గోలీ కాదయ్యా, నీ చాయ. గంత ప్రేమతోని పెడుతుంటివి, వద్దని ఎట్ల అనాలె?"

అప్పుడు గుర్తొచ్చింది, చాయకూ ఇనుముకూ పడదని రవీంద్ర ఇదే మెట్ల మీద చెప్పిన రెండో ముక్క. మరి నా మజ్జిగ పారబోయొచ్చు కదా, నాకెందుకు పోశావని అడిగాను, కొంచెం అభిమానంతోనే.

"వెన్న పెట్టి చేస్తివి. గంతసేపు కూసొని చిలికితివి. నా కోసమే చేస్తివి. పారబొయ్య మనసొప్పలే," అంది. "ఎవరో ఒకరు తాగాలె గద."

మళ్ళీ రక్తం పరీక్షకు పోయాం, ఈసారి నేనూ చేయించుకున్నాను. వినోదకు పదకొండు దాటింది. డాక్టరు తెర వెనక నుంచి తల ఊపి, ఇక భయం లేదన్నాడు. ఆ మాటకు నేను అక్కడే దండం పెట్టాను. నా కాగితం చూసి మాత్రం, నీకింత రక్తం ఎక్కడిదయ్యా, మాస్కు లేకపోతే పెళ్ళికి వచ్చావనుకునేవాణ్ణి అన్నాడు. సిరప్ ఆపేయమన్నాడు. వినోద పక్కకు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇంటికొచ్చాక రవీంద్ర కంప్యూటర్ తెచ్చుకుని నా ఎదురుగా కూర్చున్నాడు. అన్ని రోజులు తాగావు కదా, ఇనుము రుచి తెలిసిందా అని అడిగాడు. తెలియలేదన్నాను. వాసన అన్నాడు. లేదన్నాను. మళ్ళీ తాగాలనిపించిందా అన్నాడు. ఇంకో గ్లాసు అడిగానని ఒప్పుకున్నాను. అతని కళ్ళు మెరిశాయి.

"చేసినోనికే తెలువలేదంటె ఇంతకంటె ఏం కావాలె బావా," అన్నాడు. నా దీపావళి చొక్కా వేసుకునే అన్నాడు ఆ మాట. తిరిగి అడగడానికి నాకు మొహం చెల్లలేదు.

అదీ సంగతి. ఇప్పుడు మార్కెట్లు తెరిచారు, మగ్గాలు ఆడుతున్నాయి, నేను మళ్ళీ గంజి కలుపుతున్నాను. ఇంట్లో చాయ వినోదే పెడుతుంది, పల్చగా పెడుతుంది, నేను నోరు మూసుకుని తాగుతాను. బిందె అందుకోబోతే జరుగు అంటుంది. ఆ ఒక్క మాట వింటే నాకు ఆ రోజంతా హాయిగా ఉంటుంది.

నిన్న మధ్యాహ్నం కూడా ఛాస్ గ్లాసు తెచ్చి నా కంచం పక్కన పెట్టింది. నేను పేరు చదివాను. లోపలికి తొంగి చూశాను. ఆమె మొహం చూశాను.

"ఏం చూస్తున్నవ్? నీ పేరే కొట్టి ఉన్నది గద," అంది.

తాగాను. చల్లగా, కమ్మగా, జీలకర్ర వాసనతో బాగుంది. లోపల ఇంకేమైనా ఉందేమో నాలుకకు ఏమీ తెలియలేదు. తెలియకుండా ఉండాలనే కదా నేను అంత కష్టపడి చిలికింది.